కుక్కకి ఇన్సూరెన్స్ తీసుకోవాలా? ఆ ఒక్క క్లాజు చదివాక చెప్పండి

హాయ్ అండీ, నమస్కారం. ముందే చెప్పేస్తున్నా, ఈ వీడియోకి నేను డబ్బు తీసుకోలేదు, పాలసీ మాత్రం ఫ్రీగానే వచ్చింది. ఏడాది కవర్, మా బంటిగాడి పేరు మీద. ఇచ్చిన కంపెనీ పేరు స్క్రీన్ మీద కింద కనిపిస్తోంది. వీడియో పెట్టే ముందు తమకి చూపించమని వాళ్లు అడగలేదు. ఇది చూశాక ఇంకోసారి ఫ్రీగా ఇస్తారన్న ఆశ కూడా నాకేం లేదు.

ప్లాన్లు ఎన్ని, లిమిట్ ఎంత, ప్రీమియం ఎంత, ఆ పట్టికంతా మీరు చూసేసే ఇక్కడికి వచ్చుంటారు. అదే మళ్లీ చదివి వినిపించను.

ముందు నచ్చింది చెప్తా. క్లెయిమ్ పెట్టే పద్ధతి. బంటి లాబ్రడార్. నేల మీద ఏది పడున్నా తన కోసమే పెట్టారనుకుంటాడు. ఒక సాయంత్రం సాక్సు మింగేశాడు. హాస్పిటల్‌కి తీసుకెళ్తే అదృష్టం, ఇంకా కడుపులోనే ఉంది, ఎండోస్కోపీతో లాగేశారు. అదే పేగుల్లోకి దిగి అక్కడ అడ్డం పడితే పొట్ట కోయాల్సి వచ్చేది. ఆ రాత్రే బిల్లు, డాక్టరు గారి రిపోర్టు ఫోటో తీసి యాప్‌లో పెట్టా. ఎవరికీ ఫోన్ చేసి బతిమాలక్కర్లేకుండా డబ్బు అకౌంట్లో పడింది. ఇంతకుముందు మా పాత కుక్క జిమ్మీకి తీసుకున్న పాలసీలో అయితే ఫారం ప్రింట్ తీయాలి, డాక్టరు గారి చేత సంతకం పెట్టించాలి, స్కాన్ చేసి పంపాలి, అది మసగ్గా ఉందని వాళ్లు తిప్పి పంపాలి. దాని ముందు ఇది స్వర్గం.

అయితే కౌంటర్ దగ్గర మొత్తం బిల్లు ముందు కట్టేది మనమే. కుక్కల ఇన్సూరెన్స్ చాలావరకు ఇలాగే నడుస్తుంది. మనం కట్టాలి, తర్వాత రాబట్టుకోవాలి. "చేతిలో డబ్బు లేకపోయినా పర్లేదు, పాలసీ ఉందిగా" అనుకుంటే ఆ రాత్రి హాస్పిటల్లో ఇబ్బంది పడతారు.

రాబట్టుకునే దాంట్లో ఇంకో చిన్న మెలిక ఉంది. బిల్లు 1000 అనుకోండి. డిడక్టిబుల్, అంటే వాళ్లు ఇవ్వకుండా మన జేబు మీదే వదిలేసే మొత్తం, 200. వాళ్లిచ్చేది 80 శాతం. ముందు 200 తీసేసి మిగిలిన 800లో 80 శాతం ఇస్తే మీకు 640 వస్తుంది. ముందు మొత్తం బిల్లులో 80 శాతం లెక్కేసి, అందులోంచి 200 తీస్తే 600. అవే అంకెలు, ఏది ముందు చేస్తారన్న దాన్ని బట్టి 40 తేడా. పెద్ద ఆపరేషన్ అయినా తేడా ఆ 40 దగ్గరే ఆగుతుందిలెండి. అసలు చూడాల్సింది ఆ డిడక్టిబుల్ ఏడాదికి ఒకసారా, ప్రతి జబ్బుకీ వేరుగానా అన్నది. జబ్బుజబ్బుకీ అయితే చిన్న బిల్లుల్లో మీ చేతికి ఏమీ రాదు.

టీకాలు, నట్టల మందు, గోళ్లు తీయించడం లాంటివి మామూలు పాలసీలో ఉండవు. వెల్‌నెస్ యాడాన్ అని వేరే అమ్ముతారు. అది ఇన్సూరెన్స్ కాదండీ, మన ఖర్చు మనమే ముందుగా వాయిదాల్లో కట్టుకోవడం. వదిలేయండి.

సరే, ఇప్పుడు అసలు సంగతి. నాకు ఒళ్లు మండింది ఇక్కడే.

పాత జబ్బులకి డబ్బు ఇవ్వరు, అది అందరికీ తెలుసు, న్యాయమే కూడా. పాలసీ తీసుకునే ముందే ఉన్నదాన్ని వాళ్ల నెత్తిన రుద్దలేం కదా. కానీ ఈ పాలసీలో మినహాయింపుల లిస్టులో కాకుండా, ఎవరూ చదవని నిర్వచనాల పేజీలో ఒక వాక్యం ఉంది. "బైలేటరల్ కండిషన్" అంటారు. శరీరంలో రెండు పక్కలా ఉండే భాగం ఏదైనా సరే, ఒక పక్క ముందే సమస్య వచ్చి ఉంటే, రెండో పక్క వచ్చేదాన్ని కూడా పాత జబ్బు కిందే లెక్కేస్తారు. మోకాళ్లు, తుంటి కీళ్లు, మోచేతులు, కళ్లు, చెవులు, అన్నీ. ఎడమ చెప్పు ముందే తెగింది కాబట్టి కుడి చెప్పుకి గ్యారంటీ ఇవ్వం అన్నట్టుంది యవ్వారం.

మీకు నవ్వొస్తుందేమో, నాకు రాదు. ఎందుకో చెప్తా.

జిమ్మీని మేము షెల్టర్ నుంచి తెచ్చుకున్నాం, అప్పటికే పెద్ద కుక్క. ఇంటికి తెచ్చిన వెంటనే పాలసీ తీసుకున్నాం. చాలాకాలం బాగానే ఉన్నాడు. ఒకరోజు పరిగెత్తుతూ పరిగెత్తుతూ ఆగిపోయాడు, కుడి వెనక కాలు నేల మీద పెట్టడం లేదు. మోకాల్లో ఎముకల్ని పట్టి ఉంచే క్రూషియేట్ లిగమెంట్ తెగింది. ఆపరేషన్ చేయించాం, క్లెయిమ్ పెట్టాం. అప్పటి కంపెనీ, పేరు చెప్పను, షెల్టర్ వాళ్ల పాత రికార్డు తెప్పించుకుంది. అందులో అక్కడి డాక్టరు గారు ఎప్పుడో రాసిన ఒక్క లైను: "ఎడమ వెనక కాలు కొద్దిగా కుంటుతోంది." పరీక్ష లేదు, ఎక్స్‌రే లేదు. క్లెయిమ్ కొట్టేశారు. బాగుపడాల్సింది కుడి కాలు, రాసి ఉన్నది ఎడమ కాలు!

వాళ్ల వైపు వాదన కూడా చెప్పాలి, లేకపోతే బాగోదు. మనుషుల్లో ఈ లిగమెంట్ ఎక్కువగా దెబ్బ తగిలి తెగుతుంది, ఆటగాళ్లకి అయ్యేది అదే. కుక్కల్లో అలా కాదు. చాలా కుక్కల్లో అది నెలల తరబడి పోగు పోగుగా అరిగి, చివరికి మామూలుగా గెంతినప్పుడు పుటుక్కున తెగుతుంది. అరుగుడు రెండు మోకాళ్లలోనూ నడుస్తుంటుంది కాబట్టి ఒకటి తెగిన కుక్కల్లో దాదాపు సగానికి కొంతకాలానికి రెండోది కూడా పోతుంది. వెటర్నరీ సర్జన్లు మొదటి ఆపరేషన్ రోజే ఈ మాట చెప్తారు. ఆపరేషన్ కూడా చిన్నది కాదు. టీపీఎల్ఓ అనే పద్ధతిలో అయితే మోకాలి కింద ఎముకని కోసి, తిప్పి, ప్లేటు పెట్టి బిగిస్తారు. కంపెనీకి అది పెద్ద ఖర్చు, భయపడతారు, అర్థమైంది.

నాకు అర్థం కానిది వేరే. అంత ముఖ్యమైన షరతుని లోపల ఎందుకు దాస్తారు? కుక్క ఒంట్లో బాగా ఖర్చు పెట్టించే చోటు ఏదో వాళ్లకి తెలుసు, మోకాళ్లకి మాత్రం ఆరు నెలల వెయిటింగ్ పీరియడ్, అంటే పాలసీ తీసుకున్నాక అన్నాళ్లు ఏమీ ఇవ్వని గడువు, పెట్టే కంపెనీలూ ఉన్నాయి. మరి ఆ మాట ప్రకటనలో ఉండదేం? స్వీడన్‌లో 1924లోనే కుక్కకి పాలసీ రాశారట. అమెరికాలో 1982లో మొదటి పెట్ పాలసీ టీవీలో లాసీ అనే ఫేమస్ కుక్క పాత్ర వేసే కుక్కకే ఇచ్చి పేపర్లకెక్కారు. ప్రచారం చేయడం వందేళ్ల నాటి వాళ్లకీ వచ్చు, నలభై ఏళ్ల నాటి వాళ్లకీ వచ్చు. ఈ ఒక్క లైను మొదటి పేజీలో వేయడం మాత్రం రాదు.

ఈ కంపెనీకి మెయిల్ పెట్టి అడిగా. "చెవికి ఒక్కసారి ఇన్ఫెక్షన్ వస్తే రెండు చెవులూ పోయినట్టేనా?" అని. లాబ్రడార్లకి నీళ్లంటే పిచ్చి, చెవుల గొడవ తప్పదు, అందుకే అడిగా. జవాబుగా అదే క్లాజు కాపీ చేసి పంపారు, కింద "మీ బంటికి మా ప్రేమ" అని రాసి. ప్రేమ ఎందుకండీ, అవునో కాదో చెప్పండి!

అయితే అసలు ఇన్సూరెన్సే దండగా అంటారా? కాదు. కుక్క పిల్లగా ఉండి, డాక్టరు ఫైల్లో టీకాలు తప్ప ఏమీ లేనప్పుడు తీసుకుంటే దాని విలువ దానికుంది. అందులోనూ కొన్ని జాతులకి మరీను. డాక్స్‌హండ్‌కి వెన్ను డిస్కులు, పగ్, బుల్‌డాగ్‌లకి ఊపిరి, గ్రేట్ డేన్ లాంటి లోతు ఛాతీ కుక్కలకి కడుపు ఉబ్బి మెలి తిరగడం. ఆ చివరిది వస్తే గంటల్లో ఆపరేషన్ టేబుల్ మీద ఉండాలి, ఖర్చు ఆలోచించే టైమ్ ఉండదు. తీసుకునేటప్పుడు మాత్రం జబ్బుకి 12 నెలలే ఇచ్చి ఆపేసే రకం కాకుండా, ఏటా లిమిట్ మళ్లీ నిండే రకం చూసుకోండి. షుగర్, మూర్ఛ, చర్మం అలర్జీ, ఇవి ఏడాదిలో పోయేవి కావు. మధ్యలో కంపెనీ మారితే అప్పటిదాకా వచ్చినవన్నీ కొత్తవాళ్లకి పాత జబ్బులే.

కుక్కకి వయసు మీదపడి, ఫైల్లో రకరకాల రాతలుంటే మాత్రం ఏటా పెరిగే ఆ ప్రీమియం కట్టే బదులు ఆ డబ్బు వేరే అకౌంట్లో వేసుకోండి. జిమ్మీ చివరి ఏళ్లలో మేము చేసింది అదే. మొదటి నెలలోనే పెద్ద జబ్బు వస్తే ఆ అకౌంట్ చాలదు, ఆ రిస్క్ మీరే మోయాలి.

ఇక ఈ పాలసీ సంగతి. యాప్ బ్రహ్మాండం, క్లెయిమ్ వేగం బ్రహ్మాండం, లిమిట్ కూడా చాలు. పట్టిక పెట్టి మార్కులేస్తే పాస్ అవుతుంది. అయినా ఫ్రీ ఏడాది అయ్యాక నా డబ్బుతో రెన్యూ చేయను. బంటి ఫైల్లో ఇప్పటికి సాక్సు తప్ప ఏమీ లేదు, మారడానికి ఇంతకంటే మంచి టైమ్ ఉండదు. ఇంకో రెండు కంపెనీలకి ఒకే ప్రశ్న రాసి పంపా: ఒక మోకాలికి పాలసీకి ముందే ఏదైనా రాసి ఉంటే, రెండో మోకాలికి ఇస్తారా, ఇవ్వరా? ఒక్క మాటలో జవాబిచ్చిన వాళ్ల పాలసీ కొని, ఈసారి డబ్బులు కట్టి మరీ, వచ్చే వీడియో చేస్తా.