ఒకే కీర్తన, నాలుగు దారులు

శ్రోతలకు నమస్కారం.

తిరుపతిలో రేడియో వినడానికి ఇప్పుడు ఎఫ్.ఎం. ఒక్కటే దారి కాదు. ఫోన్‌లో న్యూస్ ఆన్ ఎయిర్ యాప్ ఉంది. డీడీ ఫ్రీ డిష్‌లో టీవీ చానళ్లతో పాటు ఆకాశవాణి చానళ్లూ ఉన్నాయి. కొన్ని కొత్త కార్లలో డి.ఆర్.ఎం. అనే డిజిటల్ రేడియో కూడా అమర్చి ఇస్తున్నారు. ఈ చివరి మూడూ డిజిటలే. డిజిటల్ అంటే చాలు, శబ్దం అద్దంలా ఉంటుందని అమ్మేవాళ్లు చెబుతారు. గరగర లేకపోవడం వరకు అది నిజమే. సంగీతం దగ్గరికి వస్తే మాత్రం సగమే నిజం.

ఎందుకంటే, సీడీలో సెకనుకు సుమారు 1,411 కిలోబిట్ల సమాచారం ఉంటుంది. డి.ఆర్.ఎం. వచ్చేది మీడియం వేవ్‌లో, అక్కడ ఒక స్టేషన్‌కు దక్కే జాగా 9 కిలోహెర్ట్జ్. డి.ఆర్.ఎం. అందులో పంపగలిగేది సెకనుకు ఇరవై కిలోబిట్ల దరిదాపుల్లోనే. మిగతాదంతా వదిలేయాలి. ఏది వదిలితే చెవి పట్టుకోలేదో లెక్కగట్టి వదులుతారు. అదీ చాలకపోతే ఇంకో ఉపాయం ఉంది. శబ్దంలో మంద్రంగా ఉండే భాగాన్ని పంపించి, కీచుగా ఉండే పై భాగాన్ని రిసీవరే అంచనాతో అల్లుకునేలా చిన్న చిన్న సూచనలు మాత్రం జత చేస్తారు. అంటే మనం వినే ఆ పై భాగం స్టూడియోలో పలికింది కాదు, రిసీవర్ కల్పించింది.

మనిషి మాటలో ఈ కల్పన పెద్దగా తెలియదు. పైగా పాత మీడియం వేవ్‌లో నాలుగున్నర కిలోహెర్ట్జ్ పైన ఉండే కీచు శబ్దాలు దాదాపు ఏమీ మిగలవు కాబట్టి స, శ, ష కలిసిపోయేవి. డి.ఆర్.ఎం.లో వార్తలు వింటే అవి విడివిడిగా వినిపిస్తాయి. అదే అన్నమయ్య కీర్తన పెట్టి, గాయకుణ్ణి వదిలేసి తాళాల మీద చెవి పెట్టండి. గలగలమనాల్సినవి రేకు మీద ఇసుక జల్లినట్టు వినిపిస్తాయి. కచేరీ చివర చప్పట్లు కూడా అంతే. నాణ్యత పరీక్షించాలంటే గొంతు కన్నా తాళాలు, ఘటం, చప్పట్లే మంచి సాక్షులు.

ఉపగ్రహ రేడియో అనగానే వరల్డ్‌స్పేస్ గుర్తొచ్చేవాళ్లు మీలో ఉంటారు. అందులో స్పందన అని తెలుగు చానల్ ఉండేది. 2009 డిసెంబర్ 31తో మన దేశంలో ఆ సేవ ఆగిపోయింది. ఇప్పుడు ఆ లోటు కొంత తీర్చేది ఫ్రీ డిష్. సంగీతానికి నా ఓటు దీనికే. కాకపోతే టీవీ స్పీకర్లలో వింటే లాభం లేదు. సెట్‌టాప్ బాక్స్ ఆడియో వైరును ఒక మోస్తరు యాంప్లిఫయర్‌కు కలపాలి. ఇంకొకటి, బంగాళాఖాతంలో వాయుగుండం పడి నవంబర్ వాన దంచికొడితే డిష్ సిగ్నల్ పోతుంది. అప్పుడు చేసేదేం లేదు, ఎఫ్.ఎం. పెట్టుకోవడమే.

ఫోన్‌లో నాణ్యత బాగానే ఉంటుంది. సెకనుకు 64 కిలోబిట్ల ప్రసారమైతే గంటకు 29 ఎం.బి. డేటా ఖర్చవుతుంది. చిక్కల్లా బ్లూటూత్ స్పీకర్‌తోనే. అప్పటికే కుదించి పంపిన శబ్దాన్ని బ్లూటూత్ మళ్లీ కుదిస్తుంది. వైరున్న ఇయర్‌ఫోన్‌తో ఒకసారి పోల్చి చూడండి.

ఎఫ్.ఎం. డిజిటల్ కాకపోయినా 15 కిలోహెర్ట్జ్ వరకు శబ్దాన్ని మోస్తుంది. ట్రాన్స్‌మిటర్‌కు దగ్గర్లో ఉండి సిగ్నల్ గట్టిగా అందేవారికి, తక్కువ బిట్లతో వచ్చే డిజిటల్ కన్నా ఇదే నయం. కొండ అడ్డం వచ్చినప్పుడు తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ఘాట్ రోడ్డు మలుపుల్లో ఎఫ్.ఎం. బుసబుసలాడుతూ అయినా పాట వినిపిస్తుంది. డిజిటల్ అలా కాదు, ఉన్నంతసేపు శుభ్రంగా ఉండి, సిగ్నల్ తగ్గగానే ఠక్కున ఆగిపోతుంది. అరకొరగానైనా పాట సాగాలనుకునే నాలాంటివాళ్లకు అది చిరాకు.

డిజిటల్‌లో శబ్దాన్ని కుదించి, మళ్లీ విప్పడానికి కొంత సమయం పడుతుంది. ఇంటర్నెట్‌లో అయితే ఆ ఆలస్యం ఇంకా ఎక్కువ, అర నిమిషం వెనకపడినా ఆశ్చర్యం లేదు. వార్తలకు ముందు వచ్చే బీప్‌లు విని గడియారం సరిచేసుకునే అలవాటు ఉంటే, ఆ పని ఎఫ్.ఎం. రేడియో దగ్గరే పెట్టుకోండి. నమస్కారం.