ఫ్లూగెల్‌హార్న్ రివ్యూ: వేటలో పుట్టిన పేరు, మంద్రంలో పలికే గొంతు

నమస్కారం. ట్రంపెట్ వాయించేవారు రెండో వాద్యం కొనాలనుకున్నప్పుడు తరచుగా చూసే, ట్రంపెట్‌ను పోలిన ఇత్తడి వాద్యం ఫ్లూగెల్‌హార్న్‌ను ఈ వీడియోలో పరిశీలిద్దాం.

ముందుగా పేరు సంగతి. జర్మన్‌లో 'ఫ్లూగెల్' అంటే రెక్క కాబట్టి వాద్యం ఆకారాన్ని బట్టే ఆ పేరు వచ్చిందని కొందరంటారు గానీ, ఎటు తిప్పి చూసినా నాకైతే రెక్క కనిపించదు. బారులు తీరిన మనుషుల పార్శ్వం అనే అర్థం కూడా ఆ మాటకుంది. 18వ శతాబ్దపు జర్మన్ ప్రభువుల వేటలో ఆ పార్శ్వాలను నడిపించే 'ఫ్లూగెల్‌మైస్టర్' అర్ధచంద్రాకారపు పెద్ద కొమ్ము ఊది సంకేతాలిచ్చేవాడు. దానికి వాల్వులు, అంటే గాలి దారిని మార్చి స్వరాలు మార్చే మీటలు, లేవు. వాల్వులున్న రూపానికి 1832లో మ్యూనిక్‌లో వాద్యాల తయారీదారు మైఖేల్ సౌర్లే రాజానుమతి పొందాడు. ఫ్రెంచివారు నేటికీ దీన్ని 'బ్యూగ్ల్' అనే అంటారు, కనుక వారి కేటలాగులో ఆ మాట చూసి సైనికుల బ్యూగిల్ అని పొరబడకండి.

అడవిలో సంకేతాలిచ్చిన కొమ్ము పేరు మోస్తున్న ఈ వాద్యం ఇప్పుడు ట్రంపెట్ కంటే మెత్తగా పలకడానికి కారణం గొట్టంలో ఉంది. రెండింటి శ్రుతీ, గొట్టం పొడవూ ఒకటే అయినా, ట్రంపెట్ గొట్టం చాలా దూరం ఒకే వెడల్పుతో సాగి చివర్లో విచ్చుకుంటుంది. దీని గొట్టం వాల్వులు దాటిన దగ్గర నుంచి బెల్ (గంటలా విచ్చుకున్న చివరి భాగం) దాకా క్రమంగా వెడల్పవుతూనే ఉంటుంది. పెదవులు ఆనించి ఊదే మౌత్‌పీస్ గిన్నె కూడా లోతుగా ఉండడంతో నాదంలోని పదును తగ్గి గుండ్రదనం వస్తుంది.

శ్రుతి చేసే పద్ధతి కూడా వేరే. ట్రంపెట్‌కు వంపు దగ్గర ఉండే ట్యూనింగ్ స్లైడ్ దీనికి ఉండదు, ఎందుకంటే జారే గొట్టం ఒకే వెడల్పుతో ఉండాలి, అది అక్కడ ఈ విస్తరణకు అడ్డు. అందుకే మౌత్‌పీస్ దూర్చే గొట్టాన్నే కాస్త ముందుకో వెనక్కో జరిపి, చిన్న మర బిగిస్తారు. ఆ మర వదులైతే పాట మధ్యలో శ్రుతి జారిపోతుంది.

మంద్ర, మధ్య స్థాయుల్లో దీనికి నేను పూర్తి మార్కులు వేస్తాను. తారస్థాయికి వెళ్ళేసరికి గొంతు పలచబడుతుంది, స్వరం నిలపడం కష్టమవుతుంది. మన పెళ్ళి బ్యాండు మేళంలా వీధి వీధంతా వినబడాలనుకునేవారికి ట్రంపెట్టే మేలు. దీని మెత్తదనం ఎంత దూరం వెళ్ళగలదో తెలియాలంటే జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 1957 నాటి 'మైల్స్ అహెడ్' ఆల్బమ్ వినండి. ఆంగ్ల స్వరకర్త వాన్ విలియమ్స్ కూడా 1958లో తొలిసారి వినిపించిన తన తొమ్మిదో సింఫనీలో దీనికి చోటిచ్చాడు.

పాతది కొనేవారు మౌత్‌పీస్‌తో సహా కొనడం మంచిది. దాని కాడ కొలతలు తయారీదారును బట్టి మారతాయి, ట్రంపెట్ మౌత్‌పీస్ దీనికి పనికిరాదు.