తాతలు వదిలిపోయిన నేలకు

శ్రోతలకు నమస్కారం.

2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీద దాడికి దిగాక, ఆ యుద్ధం నుంచి తప్పించుకుని జనం పరుగెత్తుకొస్తుంటే, అదే వైపుకు టికెట్ కొనుక్కుని వెళ్లినవాళ్ల గురించి ఈ రోజు మీకు చెప్పాలనుకుంటున్నాను. 2022 మార్చి, ఏప్రిల్ నెలల్లో అమెరికాలోని యూదు ప్రార్థనా సంఘాల నుంచి చిన్న చిన్న బృందాలు పోలండ్ బయల్దేరాయి. వాళ్లలో రబ్బీలు, అంటే యూదు మతగురువులు ఉన్నారు. వాళ్ల వెంట సంఘంలోని మామూలు సభ్యులూ ఉన్నారు. కొద్ది రోజుల్లో తిరిగొచ్చే ప్రయాణాలవి. అక్కడ వాళ్లు చేసినవి పెద్ద పనులేమీ కావు. డైపర్లు సర్దారు, సూప్ గిన్నెలు అందించారు, పరాయి పిల్లల్ని కాసేపు ఎత్తుకుని ఆడించారు. అయినా అవి మామూలు ప్రయాణాలు కావని నా నమ్మకం. ఎందుకో చెప్పాలంటే నూరేళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి.

అమెరికా యూదు కుటుంబాల్లో చాలావాటి మూలాలు ఇప్పటి ఉక్రెయిన్, పోలండ్, బెలారుస్, లిథువేనియా ప్రాంతాల్లో ఉన్నాయి. 1881 నుంచి 1924 దాకా ఇరవై లక్షలకు పైగా యూదులు తూర్పు ఐరోపా వదిలి అమెరికా చేరారు. పేదరికం ఒక కారణం. ఊళ్ల మీద పడి ఇళ్లు దోచి, తగలబెట్టి, మనుషుల్ని చంపిన మూకలు ఇంకో కారణం. 1918 తర్వాత ఉక్రెయిన్‌లో సాగిన అంతర్యుద్ధంలో అలాంటి దాడులకు పదుల వేల మంది యూదులు బలయ్యారు. ఆ తర్వాత హిట్లర్ సైన్యం వచ్చింది. 1941 సెప్టెంబరు 29, 30 తేదీల్లో, రెండంటే రెండు రోజుల్లో, కీవ్ నగరం అంచున బాబిన్ యార్ అనే లోయలో నాజీలు 33,771 మంది యూదుల్ని కాల్చి చంపారు. ఆ లెక్క చంపినవాళ్లే తమ నివేదికలో రాసుకున్నది. ఉక్రెయిన్ పశ్చిమాన ఉన్న ల్వీవ్ నగరంలో రెండో ప్రపంచ యుద్ధానికి ముందు దాదాపు మూడోవంతు జనం యూదులే. యుద్ధం ముగిసేసరికి వాళ్లలో బతికి బయటపడినవాళ్లు బహు కొద్దిమంది. స్థానికుల్లో కొందరు నాజీలకు తోడు నిలిచారు. కొందరు ప్రాణాలకు తెగించి పక్కింటి యూదుల్ని దాచారు. సముద్రం దాటి వెళ్లిన కుటుంబాల్లో మాత్రం మొదటి సంగతే ఎక్కువగా నాటుకుపోయింది.

2022 మార్చి 1న రష్యా క్షిపణులు కీవ్‌లోని టీవీ టవర్ మీద పడ్డాయి. ఆ టవర్ ఉన్నది బాబిన్ యార్ స్మారక స్థలం పక్కనే. చనిపోయినవాళ్లలో మామూలు పౌరులున్నారు. ఆ వార్త విన్న అమెరికా యూదుల మనసులో ఏం కదిలి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. మన తాతముత్తాతల్ని తరిమిన నేల అది, మనకెందుకులే అని వాళ్లు అనుకోవచ్చు. అలా అనుకున్నా తప్పు పట్టలేం. కానీ వాళ్లు సంచులు సర్దుకున్నారు.

ఇక్కడ సినగాగ్ గురించి ఒక్క మాట. యూదులకు అది ప్రార్థనా మందిరం మాత్రమే కాదు. పిల్లల చదువు, పెళ్లి, చావు, చందాలు, కష్టంలో ఉన్న సభ్యుడికి వంతులవారీగా భోజనం పంపడం, అన్నీ ఆ సంఘం చుట్టూనే తిరుగుతాయి. మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కూడా బెనె ఎఫ్రాయిం అనే తెలుగు మాట్లాడే చిన్న యూదు సమాజం ఉంది, వాళ్లకూ ఒక సినగాగ్ ఉంది. అమెరికాలోని అలాంటి ఒక సంఘం తరఫున పది, పదిహేను మంది బయల్దేరారంటే వెనక ఉండిపోయిన వందల కుటుంబాలు కూడా ఏదో ఒక రూపంలో ఆ పనిలో చెయ్యి వేసినట్టే.

ఆ వేసిన చెయ్యి ఎలా ఉండేదంటే, పెద్ద పెద్ద డఫుల్ బ్యాగుల రూపంలో. విమానంలో ఒక్కో బ్యాగుకు సాధారణంగా 23 కిలోల పరిమితి. వెళ్లేవాళ్లు తమ బట్టలు చిన్న చేతిసంచిలో కుక్కుకుని, ఆ 23 కిలోలూ అవతలివాళ్ల కోసం వదిలేసేవారు. పిల్లల జ్వరం మందులు, బ్యాండేజీలు, చలికి తొడుక్కునే థర్మల్ బట్టలు, చేతి తొడుగులు, ఫోన్లకు పవర్ బ్యాంకులు, మెత్తటి బొమ్మలు. ఇంట్లో పడున్న పాత బట్టలు పోగేసి పంపడం కాదిది. అక్కడ పనిచేసేవాళ్లు ఈ వారం ఏది కావాలో జాబితా పంపితే, ఆ జాబితా ప్రకారం కొత్తవి కొని తెచ్చేవారు. ఓడలో పంపితే వారాలు పట్టేది. మనిషి వెంట వెళ్తే మర్నాటికి సరిహద్దులో ఉండేవి.

సరిహద్దు సంగతి చెబుతాను. యుద్ధం మొదలైన మొదటి నెలలోనే ఇరవై లక్షలకు పైగా జనం పోలండ్‌లోకి వచ్చారు. 18 నుంచి 60 ఏళ్ల మధ్య మగవాళ్లు దేశం విడిచి వెళ్లకూడదని ఉక్రెయిన్ ప్రభుత్వం ఆదేశించింది. కాబట్టి వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లే. మెడికా అనే ఊరి దగ్గర నడిచి దాటే దారి ఉంది. చంకలో బిడ్డ, చేతిలో సంచి, ఇంకో చేతిని పట్టుకుని నడిచే పిల్లాడు. భర్తను అవతలే వదిలి వచ్చిన తల్లి. ఆ దారికి రెండు పక్కలా గుడారాలు వెలిశాయి. అమెరికాకు చెందిన వరల్డ్ సెంట్రల్ కిచెన్ వేడి వేడి భోజనం పెట్టింది. సిక్కు సేవాసంస్థలు అక్కడికీ లంగర్, అంటే అందరికీ పెట్టే ఉచిత భోజనం, తీసుకొచ్చాయి. ఆ వరసలో యూదు సంస్థల గుడారాలూ ఉన్నాయి.

మెడికాకు దగ్గర్లో ప్షెమిషల్ అనే పాత పట్నం ఉంది. ఉక్రెయిన్ నుంచి వచ్చే రైళ్లు అక్కడ ఆగుతాయి. ఆ స్టేషన్ ప్లాట్‌ఫారం మీద పోలండ్ తల్లులు తమ పిల్లల స్ట్రోలర్లు తెచ్చి వరసగా నిలబెట్టి వెళ్లారు. రైలు దిగిన తల్లి బిడ్డను అందులో పడుకోబెట్టుకుని తోసుకుపోవచ్చు. ఎవరినీ అడగక్కర్లేదు, సంతకం పెట్టక్కర్లేదు. ఆ ఫోటో ప్రపంచమంతా చూసింది. గంటల తరబడి బిడ్డను మోసిన చేతులకు ఏం కావాలో ఇంకో తల్లికి ఇట్టే తెలిసింది.

ఈ స్టేషన్ దగ్గరే ఒక భయం కూడా ఉండేది. కారు పెట్టుకుని వచ్చి, రండి మా ఇంట్లో ఉందురుగాని అని పిలిచేవాళ్లలో మంచివాళ్లే ఎక్కువ. కానీ ఆడవాళ్లను మాయచేసి తీసుకుపోయే దుర్మార్గులూ ఉంటారు కదా. అందుకే డ్రైవర్లు పేరు, బండి నంబరు నమోదు చేసుకోవాలని అధికారులు నియమం పెట్టారు. తెలిసిన సంస్థ తరఫున బ్యాడ్జీతో నిలబడిన వాలంటీరు ఉంటే, దిగినవాళ్లకు ఎవరిని అడగాలో తెలిసేది.

అమెరికా నుంచి వచ్చిన బృందాల్లో చాలామంది క్రాకోవ్ నగరంలో దిగేవారు. అక్కడ కజిమియెష్ అనే పాత యూదు పేట ఉంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఆ నగరంలో ప్రతి నలుగురిలో ఒకరు యూదులు. ఆష్విట్జ్ మరణ శిబిరం అక్కణ్ణుంచి బస్సులో గంటన్నర దూరం. ఆ పేటలో 2008లో ఒక యూదు కమ్యూనిటీ సెంటర్ తెరిచారు. బ్రిటన్ యువరాజుగా ఉన్న చార్లెస్ చొరవతో వచ్చిన సెంటర్ అది, ప్రారంభించిందీ ఆయనే. యుద్ధం మొదలైన వెంటనే ఆ సెంటర్ శరణార్థుల కోసం తలుపులు బార్లా తెరిచింది. ఆహారం, సబ్బులు, డైపర్లు, బట్టలు ఎవరికి కావాల్సినవి వాళ్లు ఉచితంగా తీసుకెళ్లేలా ఏర్పాటు చేసింది. సాయం తీసుకున్నవాళ్లలో అత్యధికులు యూదులు కారు. నువ్వు యూదువా అని అక్కడ ఎవరూ అడగలేదు.

నాకు ఈ కథలో అన్నిటికంటే విలువైన విషయం ఇదే. ఎనభై ఏళ్ల కింద తలుపు తట్టినా తెరుచుకోని ఇళ్ల జ్ఞాపకం మోస్తున్న జాతి, తన వంతు వచ్చినప్పుడు పేరు అడగకుండా తలుపు తీసింది.

వెళ్లినవాళ్లలో ఒక రకం మనుషులు మిగతా అందరికంటే ఎక్కువ అక్కరకొచ్చారు. సోవియట్ యూనియన్‌లో పుట్టి, చిన్నప్పుడో యవ్వనంలోనో అమెరికా చేరిన యూదులు. వాళ్లకు రష్యన్ వచ్చు, కొందరికి ఉక్రేనియన్ కూడా వచ్చు. నా మందు ఇక్కడ దొరుకుతుందా, ఈ రైలు వార్సా వెళ్తుందా, మా అమ్మకు షుగర్ ఉంది డాక్టరెక్కడ అని అడిగే మనిషికి తన భాషలో జవాబు దొరికితే సగం టెన్షన్ అక్కడే తీరిపోతుంది. అందుకే యూదు సమాఖ్యలు రష్యన్ వచ్చిన వాలంటీర్ల కోసం ప్రత్యేకంగా పిలుపు ఇచ్చాయి. తాము వదిలి వచ్చిన దేశపు భాష ఇలా పనికొస్తుందని వాళ్లలో ఎవరైనా అనుకుని ఉంటారా!

ఆ రోజుల్లో అదే దారిలో మన పిల్లలూ నడిచారు. ఉక్రెయిన్‌లో వైద్యవిద్య చదువుతున్న వేల మంది భారతీయుల్లో తెలుగు విద్యార్థులు చాలామంది. బస్సులు ముందుకు కదలక గడ్డకట్టే చలిలో పదుల కిలోమీటర్లు నడిచి, షెహిని దగ్గర ఉక్రెయిన్ వైపు రాత్రీ పగలూ వరసలో నిలబడ్డారు. విదేశీ విద్యార్థుల్ని వెనక్కి నెట్టి ఉక్రెయిన్ పౌరుల్ని ముందు పంపారన్న ఫిర్యాదులు అప్పుడు చాలా వచ్చాయి. ఖార్కివ్‌లో కర్ణాటక విద్యార్థి ఒకరు దాడిలో చనిపోయారు. ఆపరేషన్ గంగ పేరుతో పోలండ్‌లోని జెషూఫ్ నుంచి, బుఖారెస్ట్, బుడాపెస్ట్ నగరాల నుంచి విమానాలు నడిచాయి. మొత్తం మీద సుమారు 22,500 మంది భారతీయులు ఇల్లు చేరారు. ఢిల్లీలో ఆంధ్రా భవన్, తెలంగాణ భవన్ వాళ్ల కోసం ఎదురుచూశాయి. ఆ రోజుల్లో సరిహద్దు దాటగానే మీ పిల్లల చేతికి టీ కప్పు అందించింది ఎవరో మీకెప్పటికీ తెలియకపోవచ్చు. ఎవరో ఒకరు అందించారు.

ఏప్రిల్ 15 సాయంత్రం యూదుల పస్కా పండుగ మొదలైంది. ఈజిప్టు దాస్యం నుంచి బయటపడిన రాత్రిని తల్చుకునే పండుగ. ఆ రాత్రి ఇంటిల్లిపాదీ బల్ల చుట్టూ కూర్చుని, పులియని రొట్టె ముందు పెట్టుకుని, తామూ ఒకప్పుడు పరదేశంలో బానిసలమేనని పిల్లలకు చెబుతారు. భోజనానికి ముందు, ఆకలితో ఉన్నవాళ్లెవరైనా వచ్చి తినమని పిలవడం అందులో ఒక ఆచారం. ఏటా ఇంట్లో చదువుకునే పిలుపు అది. ఆ ఏడాది పోలండ్‌లో ఆ బల్లల దగ్గర నిజంగానే ఇల్లు పోగొట్టుకున్నవాళ్లు కూర్చున్నారు. ఆ రోజే గుడ్ ఫ్రైడే కూడా. రంజాన్ ఉపవాసాలూ నడుస్తున్నాయి.

ఇంత చెప్పాక ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. టికెట్‌కూ హోటల్‌కూ పెట్టే డబ్బు నేరుగా అక్కడికే పంపితే ఎక్కువమంది కడుపు నిండేది కదా? ఇది అప్పట్లో యూదు సంఘాల్లోనే గట్టిగా చర్చకు వచ్చింది. న్యాయమైన ప్రశ్నే. ఊరికే చూసి, ఏడుస్తున్న పిల్లలతో ఫోటోలు దిగి వెళ్లేవాళ్ల వల్ల స్థానికులకు భారమే తప్ప లాభం లేదు. అలాంటివాళ్లు ప్రతి విపత్తు దగ్గరికీ వస్తారు. మంచి బృందాలు మాత్రం కొన్ని నియమాలు పెట్టుకున్నాయి. స్థానిక సంస్థ పిలిస్తేనే వెళ్లాలి. ఇచ్చిన పని చెయ్యాలి, నచ్చిన పని కాదు. పిల్లల ఫోటోలు తియ్యకూడదు. డబ్బు ఎలాగూ పంపాలి, ప్రయాణం దానికి బదులు కాదు.

ఇంకో సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. వారాల తరబడి నిద్ర లేకుండా పనిచేస్తున్న పోలండ్ వాలంటీర్లకు కొత్త చేతులు వచ్చి రెండు రోజులు ఊపిరి పీల్చుకోనిస్తే, అది డబ్బుతో జరిగే పని కాదు. వెళ్లొచ్చినవాళ్లు తమ సంఘంలో నిలబడి కళ్లారా చూసింది చెబితే, చెక్కు రాసేవాళ్ల చెయ్యి కూడా మారుతుంది. అందుకే నేను ఆ ప్రయాణాల పక్షమే.

ఆ మాటలు ఊరికే పోలేదు. 2022 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం యునైటింగ్ ఫర్ ఉక్రెయిన్ అనే పథకం ప్రకటించింది. అమెరికాలో ఉన్నవాళ్లు పూచీ పడితే ఉక్రెయిన్ వాళ్లు రెండేళ్లపాటు వచ్చి ఉండొచ్చని అప్పటి నియమం. 1881లో రష్యా నుంచి పారిపోయి వచ్చిన యూదుల కోసం పుట్టిన హయాస్ అనే సంస్థ, ఇప్పుడు ఏ మతం శరణార్థులకైనా సాయం చేస్తోంది. దాని అండతో ఎన్నో సినగాగులు ఐదారుగురు చొప్పున చిన్న బృందాలుగా ఏర్పడి, ఒక్కో కుటుంబం బాధ్యత తీసుకున్నాయి. అద్దె ఇల్లు చూడటం, పిల్లల్ని బడిలో చేర్చడం, తల్లికి ఉద్యోగం వెతకడం, పంటినొప్పి వస్తే డెంటిస్టు దగ్గరికి కారులో తీసుకెళ్లడం. సరిహద్దులో కొద్ది రోజులు చేసిన పని ఇంటికొచ్చాక ఏళ్ల తరబడి చేసే పనిగా మారింది.

2025 జనవరిలో కొత్త అమెరికా ప్రభుత్వం ఆ పథకంలో కొత్త దరఖాస్తులు ఆపేసింది. ఉక్రెయిన్ నుంచి వచ్చి స్థిరపడుతున్న కుటుంబాలకు ఎంతకాలం ఉండనిస్తారన్న బెంగ పట్టుకుంది. పూచీ పడిన సంఘాల చేతుల్లో డఫుల్ బ్యాగుల బదులు ఇప్పుడు ఫైళ్లున్నాయి. లాయర్ల అపాయింట్‌మెంట్లు, దరఖాస్తుల గడువులు, ప్రజాప్రతినిధులకు ఉత్తరాలు, వాళ్ల ముందున్న పని ఇది.

సెలవు. నమస్కారం.