బత్తాయి కన్ను, నిమ్మకాయ కన్ను: సిలిండర్ పవర్ అంటే ఏంటి?

(రాత్రి, నల్గొండ బస్టాండ్. దూరం నుంచి బస్సు వస్తోంది. బోర్డు మీద ప్రతి అక్షరం పక్కన ఇంకో నీడ అక్షరం.)

ఆ వచ్చే బస్సు దేవరకొండదా, మిర్యాలగూడదా? పదో తరగతిలో ఉన్నప్పుడు అది వచ్చి నా ముందు ఆగేదాకా చెప్పలేకపోయేవాణ్ణి. అక్షరాలు కనిపించక కాదు. కనిపించేవి, కానీ ఒక్కోదానికి తోడు దాని నీడ. క్లాసులో సారు బోర్డు మీద 3 వేస్తే నేను 8 రాసుకునేవాణ్ణి. సాయంత్రానికి నుదురు పట్టేసేది. "ఎండల తిరగకుర అంటే ఇంటవా" అని అమ్మ బామ్ రాసేది.

పాపం, ఎండ తప్పేమీ లేదు. నా కంటి వంపులోనే తేడా ఉంది. దాన్ని ఆస్టిగ్మాటిజం అంటారు. కంటి డాక్టర్ దగ్గర, అద్దాల షాపులో 'సిలిండర్ పవర్' అంటారే, అదే ఇది.

(టేబుల్ మీద ఒక బత్తాయి, ఒక నిమ్మకాయ.)

మన జిల్లా వాళ్లకు దీన్ని అర్థం చేయించడానికి ఈ రెండు కాయలు చాలు. బత్తాయిని ఎటు తిప్పినా వంపు ఒకేలా ఉంటుంది. నిమ్మకాయను చూడండి. పొడవునా వేలు పోనిస్తే వంపు నిదానంగా ఉంటుంది, చుట్టూ పోనిస్తే గట్టిగా ఉంటుంది. కంటి ముందు అద్దంలా మెరిసే పారదర్శకమైన పొర ఉంటుంది, అదే కార్నియా. కాంతిని వంచి ఒకచోటికి చేర్చే పనిలో మూడింట రెండు వంతులు దానిదే. అది బత్తాయిలా గుండ్రంగా ఉంటే కాంతి కంటి వెనకున్న రెటీనా అనే తెర మీద ఒక్క చుక్కగా కలుస్తుంది. నిమ్మకాయలా ఉంటే ఒక దిక్కు కాంతి ముందు, ఇంకో దిక్కు కాంతి వెనక కలుస్తుంది. చుక్క కాస్తా గీతలా సాగుతుంది. రాత్రి బండ్ల లైట్ల నుంచి పొడుగ్గా గీతలు రావడం చాలామందిలో దీనివల్లే. గ్రీకులో 'స్టిగ్మా' అంటే చుక్క, ముందున్న 'అ' అంటే లేదని. చుక్కగా కుదరని కన్ను అన్నమాట.

నిమ్మకాయ అన్నానని భయపడకండి, నిజం కంట్లో ఆ తేడా మిల్లీమీటరులో చిన్న వంతే. కొందరిలో కంటి లోపలి లెన్స్ వల్ల కూడా వస్తుంది. ఎక్కువమందికి పుట్టుకతోనో, పెరిగే వయసులోనో వస్తుంది. టీవీ దగ్గర కూర్చుంటే వచ్చిందని పిల్లల్ని తిట్టకండి. క్యారెట్ తిన్నా, కంటి ఎక్సర్‌సైజులు చేసినా ఈ వంపు మారదు.

ఎండలో, దుమ్ములో పొలం పని చేసేవాళ్లలో ఇంకో కారణం కనిపిస్తుంది. తెల్లగుడ్డు మీద కండ పెరిగి నల్లగుడ్డు మీదికి పాకుతుంది. అది పెరిగేకొద్దీ కార్నియా వంపు మారుతుంది. బయటికి వెళ్లేటప్పుడు టోపీ, కళ్లద్దాలు పెట్టుకోండి. కండ పెరుగుతుంటే డాక్టర్‌కు చూపించండి.

(క్లోజప్: చేతిలో కళ్లద్దాలు, వెనక తలుపు చౌకట్టు.)

ఇప్పుడొక పని చేయండి. మీ అద్దాలు తీసి చెయ్యి చాపినంత దూరంలో పట్టుకోండి. ఒక్క కంటితో, ఒక్క గాజులోంచి తలుపు చౌకట్టు నిలువు గీతను చూడండి. అద్దాలను స్టీరింగ్‌లా మెల్లగా తిప్పండి. గాజులోని గీత చౌకట్టుతో కలవకుండా పక్కకు వాలిందా? అయితే అందులో సిలిండర్ పవర్ ఉంది.

గాజును తిప్పితే గీత వాలుతోందంటే ఈ పవర్‌కు దిక్కు ఉందన్నమాట. మామూలు మైనస్, ప్లస్ పవర్లకు ఒక్క అంకె చాలు, దీనికి చాలదు.

(స్క్రీన్ మీద చీటీ: −1.00 / −1.50 × 170)

మొదటి అంకె మామూలు సైటు. రెండోది సిలిండర్. గుణకారం గుర్తు పక్కనున్న 170 దాని దిక్కు, యాక్సిస్ అంటారు. మన కంపాస్ బాక్సులో కోణమానిని మీద ఉండే డిగ్రీలే, 180 దాకా.

ఇక్కడే నేను దెబ్బ తిన్నాను. మొదటి అద్దాలు పెట్టుకున్న నెల తర్వాత కూడా తలనొప్పి తగ్గలేదు. కొత్త అద్దాలతో నేల వాలినట్టు, మెట్లు దగ్గరగా ఉన్నట్టు అనిపించడం మామూలే, వారం రెండు వారాల్లో అలవాటైపోతుంది. నాకు కాలేదు. మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్తే అద్దాలను పవర్ కొలిచే మిషన్ మీద పెట్టి చూశారు. చీటీలో 170. షాపులో బిగించింది 140. పవర్ సరిగ్గానే ఉంది! కానీ 10 డిగ్రీలు జరిగితే సిలిండర్ చేసే మేలులో మూడో వంతు పోతుంది. 30 జరిగితే మొత్తం పోతుంది: మసక అంతే ఉంటుంది, దిక్కు మాత్రం మారుతుంది. నెల రోజులు నేను ముక్కు మీద మోసింది దాన్నే.

అద్దాలు పెట్టుకునే పడుకుని ఫ్రేమ్ వంకర చేసుకున్నా నష్టమే. రోడ్డు పక్కన అమ్మే రెడీమేడ్ అద్దాల్లో మామూలుగా సిలిండర్ ఉండదు. 2018 ఆగస్టు 15న మొదలైన తెలంగాణ ప్రభుత్వ కంటి వెలుగు క్యాంపుల్లో దగ్గరి చూపు అద్దాలు అక్కడికక్కడే ఇచ్చి, మిగతావి తర్వాత తయారు చేయించి పంపారు. ఒక్కో కంటి దిక్కుకు తగ్గట్టు చేయాలంటే టైం పడుతుంది మరి.

ఈ గాజు వెనక ఒక ఖగోళ శాస్త్రవేత్త ఉన్నాడు. ఈ లోపాన్ని 1801లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త థామస్ యంగ్ తన కంట్లోనే గమనించి రాశాడు. తర్వాత నేను చెప్పిన ఆ ఖగోళ శాస్త్రవేత్త జార్జ్ ఎయిరీకి ఎడమ కంట్లో ఇదే ఇబ్బంది. చుక్క గీతలా కనిపించేది. ఆయన లెక్కగట్టి, 1825లో ఆ దిక్కుకు సరిపడే సిలిండర్ గాజు గురించి చెప్పాడు. ఇవాళ మన ముక్కు మీదున్నది అదే లెక్క.

(కాంటాక్ట్ లెన్స్, తర్వాత లేజర్ యానిమేషన్.)

అద్దాలు వద్దనుకుంటే టోరిక్, అంటే సిలిండర్ పవర్ ఉన్న కాంటాక్ట్ లెన్సులు ఉన్నాయి. కంట్లో తిరిగిపోకుండా వాటిని ప్రత్యేకంగా మలుస్తారు, ఇక్కడా దిక్కు గొడవే. వాటిని నల్లా నీళ్లతో కడగొద్దు, పెట్టుకుని నిద్రపోవద్దు.

లేజర్‌తో కార్నియా వంపునే సరిచేయవచ్చు. కార్నియా మందం దాదాపు అర మిల్లీమీటరు, దాంట్లోంచి మైక్రాన్లలో, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుల లెక్కన చెక్కుతారు. కనీసం 18 ఏళ్లు నిండాలి, పవర్ ఏడాదిగా నిలకడగా ఉండాలి, ముందు కార్నియా మ్యాప్ తీయాలి. పెళ్లి చూపులు వచ్చే నెలలో ఉన్నాయని ఇవన్నీ దాటేయమంటే ఏ మంచి డాక్టరూ ఒప్పుకోడు. లేజర్ చేయించుకున్నా నలభై దాటాక దగ్గరి చూపు అద్దాలు పడొచ్చు.

ఇంట్లో పెద్దవాళ్లకు మోతిబిందు ఆపరేషన్ ఉంటే టోరిక్ లెన్స్ అవసరమా అని ముందే అడగండి. ఒకసారి లోపల పెట్టాక మార్చడం తేలిక కాదు.

రెండు సంగతులు అశ్రద్ధ చేయొద్దు. చిన్నపిల్లలు మసకగా ఉందని చెప్పరు, వాళ్లకు లోకం మొదటి నుంచీ అలాగే కనిపిస్తోంది కదా. సిలిండర్ ఎక్కువగా ఉండి అద్దాలు పడకపోతే కన్ను బద్ధకిస్తుంది, అంటే దాని చూపు సరిగా ఎదగదు. ఏడెనిమిదేళ్ల లోపు పట్టుకుంటే మంచి ఫలితం. రెండోది, కళ్లు గట్టిగా నలిపే అలవాటున్న పిల్లలకు ఏడాదిలో పవర్, యాక్సిస్ పదే పదే మారుతున్నాయంటే అది మామూలు సిలిండర్ కాకపోవచ్చు. కార్నియా పలచబడి ముందుకు పొడుచుకొచ్చే కెరటోకోనస్ కావచ్చు. తొందరగా చూపిస్తే అది ముదరకుండా ఆపే చికిత్స ఉంది.

పరీక్షకు ప్రతిసారీ హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు. నాగర్‌కర్నూల్ దగ్గర తూడుకుర్తిలో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్ల కేంద్రం ఉంది.

కొత్త అద్దాలు తీసుకునేటప్పుడు షాపులోనే మిషన్ మీద పెట్టించి, యాక్సిస్ అంకెను చీటీతో పోల్చుకోండి. రెండు నిమిషాల పని. ఆ చీటీని ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. ఫ్రేమ్ విరిగేది ఎప్పుడూ డాక్టర్ దొరకని ఆదివారమే.