మూతి పేలిన పది రోజులకు చేతుల మీద మచ్చలు

యాంకర్: తర్వాతి కాల్ నంద్యాల దగ్గర నుంచి. నమస్తే అండీ, మీ రేడియో సౌండ్ కొంచెం తగ్గించి మాట్లాడండి.

కాలర్: నమస్కారం మేడం. నాకు 34 ఏండ్లు. అరచేతుల్లో, మోచేతుల కాడ రూపాయి బిళ్లంత గుండ్రంగా మచ్చలు వస్తాండాయి. నడుమ నల్లగా, దాని చుట్టూ పాలిపోయి, అంచున ఎర్రగా. మంట. మూడు వారాలకు తగ్గుతాయి, రెండు నెలలు పోతే మళ్లా వస్తాయి. వంకాయ, గోంగూర, గుడ్డు అన్నీ మానేసినా.

డాక్టర్: తిండి సంగతి అలా ఉంచండి. ఈసారి మచ్చలు రాకముందు వారం పది రోజుల్లో జ్వరం గానీ, మూతి పేలడం గానీ జరిగిందా?

కాలర్: మూతి పేలింది మేడం. మిరప చేన్లో ఎండకు తిరిగినా కదా, వేడి చేసిందనుకుంటి.

డాక్టర్: అంతకుముందు వచ్చినప్పుడు?

కాలర్: అప్పుడూ పేలింది. చిన్నప్పటి నుంచి ఉండేదే, అందుకే ఏ డాక్టరుకూ చెప్పలే.

డాక్టర్: వాళ్లూ అడిగి ఉండరు! చూడకుండా ఖాయంగా చెప్పను గానీ, మీ మాటలను బట్టి ఇది ఎరిథీమా మల్టీఫార్మీ లాగుంది. 1860ల్లోనే వియన్నాలో హెబ్రా అనే వైద్యుడు దీన్ని వర్ణించాడు. దీనికి ఎక్కువగా కారణమయ్యేది మూతి పేల్చే హెర్పిస్ సింప్లెక్స్ వైరస్. పొక్కు మానినా అది పోదు, ముఖంలోని నరాల మొదళ్లలో దాక్కుంటుంది. ఎండ తగిలినా, జ్వరం వచ్చినా లేస్తుంది. అప్పుడు దాని డీఎన్‌ఏ ముక్కలు రక్తకణాల వెంట చేతుల చర్మం దాకా చేరతాయి. మీ రోగనిరోధక కణాలు ఆ ముక్కల మీద పడతాయి, ఆ గొడవలో చర్మం దెబ్బతింటుంది. అందుకే పెదవికీ చేతులకూ మధ్య కొన్ని రోజుల ఎడం.

కాలర్: అయితే ఇది అంటుకుంటుందా? ఇంట్లో ఐదు నెలల పాప ఉంది.

డాక్టర్: చేతి మచ్చలు అంటుకోవు, పాపను ఎత్తుకోండి. పెదవి పొక్కు మాత్రం అంటుకుంటుంది. అది పూర్తిగా ఎండిపోయేదాకా పాపకు ముద్దు పెట్టకండి. నెలల పిల్లలకు ఈ వైరస్ ప్రమాదం.

యాంకర్: మరి మళ్లీ మళ్లీ రాకుండా ఏదైనా మార్గం ఉందా మేడం?

డాక్టర్: ఉంది. ఇంత తరచుగా వచ్చేవాళ్లకు అసైక్లోవిర్ అనే వైరస్ మందు 400 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, కనీసం ఆరు నెలలు ఇస్తాం. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చూసి డాక్టరే రాయాలి, మెడికల్ షాపులో అడిగి కొనుక్కునేది కాదు. ఎండలోకి వెళ్లేటప్పుడు తలగుడ్డ కట్టుకోండి, పెదవులకు సన్‌స్క్రీన్ ఉన్న బామ్ రాసుకోండి. ఇంజెక్షన్లేమైనా వేయించుకున్నారా?

కాలర్: మా ఊరి ఆర్‌ఎంపీ వేస్తాడు. రెండు రోజుల్లో తగ్గుతాది.

డాక్టర్: స్టెరాయిడ్ అయి ఉంటుంది. అప్పటికి తగ్గించినా, వైరస్ మళ్లీ లేవకుండా ఆపలేదు. అది మానండి. ఇంకోటి, ఏదైనా కొత్త మాత్ర వేసుకున్నాక నోట్లో, కళ్లలో పుండ్లు లేచి ఒంటి మీద చర్మం ఊడుతుంటే అది వేరే జబ్బు. ప్రాణం మీదికి వస్తుంది. ఆ మాత్ర ఆపేసి, అది కూడా చేత పట్టుకుని వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. ఇక గోంగూర తినండి, దానికీ దీనికీ సంబంధం లేదు.

యాంకర్: వరంగల్ నుంచి ఇంకొకరు లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: మేడం, మా అత్తమ్మకు నిరుడు నడుముకు అక్కి లేసింది. కుమ్మరాయనతోని అక్కి రాపిచ్చినం, తగ్గింది. ఇప్పుడు గదే జాగల ఊదా రంగుల దద్దులు లేస్తున్నయ్. ఒకటే దురద.

డాక్టర్: రాయించకపోయినా అక్కి కొన్ని వారాలకు తగ్గేదేనమ్మా. వయసు మీద పడ్డవాళ్లకు నొప్పి మిగలకుండా చూడటమే ముఖ్యం. అందుకే మొదలైన 72 గంటల్లోపు వైరస్ మందు పడాలి. సరే, ఇప్పటి సంగతి. అక్కి మానిన చోట కొందరికి ఇంకో చర్మజబ్బు పుడుతుంది, అక్కడి నరాలూ రోగనిరోధక శక్తీ మునుపటిలా ఉండవు. ఊదా రంగు, దురద అంటున్నారు కాబట్టి లైకెన్ ప్లానస్ అని నా అనుమానం. అత్తమ్మ బుగ్గల లోపల తెల్లటి వల లాంటి గీతలున్నాయా?

కాలర్: చూడలేదు మేడం. కారం తింటే నోరు మండుతదని మాత్రం అంటది.

డాక్టర్: ఈ రాత్రికే టార్చి వేసి చూడండి. చిన్న చర్మపు ముక్క తీసి పరీక్షిస్తే తేలిపోతుంది. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ సి వైరస్‌కు రక్తపరీక్ష కూడా చేయించండి. లైకెన్ ప్లానస్‌తో దాని సంబంధం జపాన్, ఇటలీల్లో గట్టిగా కనిపిస్తుంది. మన దగ్గర అంతగా లేదు, అయినా నేను వదలను. ఎందుకంటే హెపటైటిస్ సి ఇప్పుడు చాలామందికి 12 వారాల మాత్రలతో నయమవుతుంది. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రుల్లో పరీక్షా మందులూ ఉచితం.

కాలర్: మరి మళ్ల అక్కి రాపియ్యాల్నా?

డాక్టర్: వద్దమ్మా. అక్కి రాసే జాజు, అదే ఎర్రమట్టి, పూస్తే దద్దుల రంగు మాకు కనపడదు. కడిగి తీసుకురండి.