అంకెలు వేసినంత మాత్రాన చీలిక ఆగుతుందా?

శ్రోతలకు నమస్కారం.

నామినేషన్ల గడువు ముగిసిందంటే చాలు, మన ఊళ్లలో లెక్కలు మొదలవుతాయి. ఫలానా ఆయన ఎవరి ఓట్లు చీలుస్తాడు, ఎవరు నిలబెట్టించారు, చివరి రోజు విత్‌డ్రా చేయిస్తారా లేదా. ఈ అనుమానాలు ఊరికే పుట్టినవి కావు. 2004 లోక్‌సభ ఎన్నికల్లో కేరళలోని ఆలప్పుళలో వి.ఎం. సుధీరన్ 1,009 ఓట్ల తేడాతో ఓడిపోయారు. అక్కడే వి.ఎస్. సుధీరన్ అనే స్వతంత్ర అభ్యర్థికి 8,282 ఓట్లు పడ్డాయి. 2000 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ఫ్లోరిడా రాష్ట్రంలో బుష్ గెలిచింది 537 ఓట్లతో. మూడో అభ్యర్థి నాడర్‌కు 97,488 వచ్చాయి.

ఒక్క గుర్తు మీదే ఓటేసే పద్ధతిలో, "ఈయన కాకపోతే ఆయన" అని చెప్పుకునే వీలు ఓటరుకు లేదు. అంకెలు వేసే పద్ధతిలో ఉంది. ప్రకాశం–నెల్లూరు–చిత్తూరు పట్టభద్రుల, ఉపాధ్యాయుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో ఓటేసినవారికి అది కొత్తేమీ కాదు. పోలింగ్ సిబ్బంది ఇచ్చిన వయొలెట్ స్కెచ్ పెన్‌తో నచ్చినవారి ఎదుట 1, తర్వాతివారికి 2, 3 అని వేసుకుంటూ పోవాలి. జేబులోని సొంత పెన్ను తీయకూడదు, టిక్కు పెట్టకూడదు, "ఒకటి" అని అక్షరాల్లో రాయకూడదు. 1 అంకె లేకపోయినా, ఇద్దరికి 1 వేసినా ఓటు చెల్లదు. చదువుకున్నవాళ్లే ఓటేసే ఎన్నికలో ఇన్ని ఓట్లు చెల్లకుండా పోతాయేమిటని ఆశ్చర్యపోయేవారికి ఇదే జవాబు.

లెక్కింపులో చెల్లిన ఓట్లను సగం చేసి ఒకటి కలిపితే కోటా. ఎవరికీ కోటా రాకపోతే, అందరికన్నా అడుగున ఉన్నవారిని తప్పించి, వారి కాగితాల మీద తర్వాతి ప్రాధాన్యం ఎవరికుంటే వారికి కలుపుతారు. 1 మాత్రమే వేసి వదిలేసిన కాగితమైతే పక్కకు పోతుంది. రాష్ట్రపతి ఎన్నికా ఇలాగే. 1969లో కోటా విలువ 4,18,169. మొదటి ప్రాధాన్యంలో వి.వి. గిరికి 4,01,515, నీలం సంజీవరెడ్డికి 3,13,548, సి.డి. దేశ్‌ముఖ్‌కు 1,12,769 వచ్చాయి. దేశ్‌ముఖ్ ఓట్లలో ఎక్కువ భాగం రెడ్డి వైపే వెళ్లాయి. అయినా చివరికి గిరి 4,20,077తో గెలిచారు, రెడ్డి 4,05,427 దగ్గర ఆగారు.

పదీ పరకా ఓట్లు తెచ్చుకునే డమ్మీల బెడద ఈ పద్ధతిలో చాలావరకు పోతుంది. పేరు చూసి పొరబడి, ఒక్క 1 వేసి వచ్చేసినవాడి ఓటును మాత్రం ఏ పద్ధతీ కాపాడలేదు. అసలు చిక్కు మూడో అభ్యర్థి కూడా గట్టివాడైనప్పుడు వస్తుంది. కాగితం, కలం దగ్గరుంటే ఈ లెక్క రాసుకోండి.

ఒక పొగాకు రైతుల సంఘం అనుకుందాం. 100 ఓట్లు. అధ్యక్ష పదవికి టంగుటూరు రైతు, కందుకూరు రైతు, కొండపి రైతు పోటీలో ఉన్నారు. 39 మంది టంగుటూరుకు 1, కొండపికి 2 వేశారు. 34 మంది కందుకూరుకు 1, కొండపికి 2. కొండపికి 1 వేసినవారు 27 మంది. వారిలో 17 మందికి రెండోది కందుకూరు, 10 మందికి టంగుటూరు.

ఒక్క గుర్తు పద్ధతిలో 39తో టంగుటూరు గెలుస్తుంది. ప్రాధాన్య ఓట్ల బదిలీలో కొండపి ముందే వెళ్లిపోతుంది, కందుకూరు 51, టంగుటూరు 49. కందుకూరు గెలుస్తుంది. ఇప్పుడు ఇద్దరిద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి చూడండి. కొండపి టంగుటూరును 61–39తో, కందుకూరును 66–34తో ఓడిస్తుంది. అవే 100 కాగితాలు, ముగ్గురు విజేతలు!

మరో సంగతి. టంగుటూరు రైతు అసలు పోటీలోనే లేకపోతే కొండపి గెలిచేది, అంటే టంగుటూరుకు ఓటేసిన 39 మందికీ రెండో ఇష్టమైన మనిషి. టంగుటూరు రైతు నిలబడ్డందువల్ల వారికి బొత్తిగా గిట్టని కందుకూరు వచ్చింది. చీల్చినవాడు ఇక్కడ డమ్మీ కాదు, అందరికన్నా ఎక్కువ మొదటి ఓట్లు తెచ్చుకున్న మొనగాడు.

ఇది కాగితం మీది ముచ్చటే అనుకోకండి. అమెరికాలోని బర్లింగ్‌టన్ మేయర్ ఎన్నికలో 2009లో అచ్చం ఇలాగే జరిగింది. మొదటి లెక్కలో ముందున్న రైట్‌ను దాటి, చివరికి కిస్ గెలిచారు. ఇద్దరినీ విడివిడిగా ఓడించగల మోంట్రోల్ అంతకుముందే తప్పుకోవలసి వచ్చింది. మరుసటి ఏడాది ఆ ఊరు ఆ పద్ధతినే ఎత్తేసింది. 2022 ఆగస్టులో అమెరికాలోనే అలాస్కా ఉప ఎన్నికలో బెగిచ్ అనే అభ్యర్థికీ మోంట్రోల్ గతే పట్టింది.

మార్కులిచ్చే పద్ధతి మరొకటుంది, ఫ్రాన్స్ గణితవేత్త బోర్డా పేరు మీద. ముగ్గురుంటే మొదటివారికి 2, రెండోవారికి 1, చివరివారికి సున్నా. పై లెక్కలో ఇది కొండపినే గెలిపిస్తుంది, 127 మార్కులతో. కానీ నాకైతే దీనిమీద నమ్మకం తక్కువ. ఇద్దరే పోటీలో ఉండి, 60 మంది ఒకరి వైపు, 40 మంది మరొకరి వైపు ఉన్నారనుకోండి. ఓడిపోయే అభ్యర్థి తన తమ్ముడితో నామినేషన్ వేయించి, ఆ 40 మంది అన్నదమ్ములిద్దరినీ ముందు పెట్టి, అందరూ అన్నను తమ్ముడికన్నా పైన పెడితే, 60 మంది మనిషికి 120 మార్కులు, అన్నకు 140. డమ్మీ ఇక్కడ ఓట్లు చీల్చడు, అన్నకు మార్కులు పోగేస్తాడు. మన దగ్గర ఈ కిటుకు పట్టడానికి ఎంతసేపు! పసిఫిక్ సముద్రంలోని నౌరు దీవిలో 1971 నుంచి దీనికి దగ్గరిదే వాడుతున్నారు, 1, అర, మూడోవంతు అని.

ఇందాక ఇద్దరిద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి చూశామే, ఆ జతల పోలికకూ చిక్కులున్నాయి. అభ్యర్థులు ఐదుగురైతే 10 జతలు, ఇరవై మందైతే 190. పైగా ఒకరు రెండోవారిని, రెండోవారు మూడోవారిని, మూడోవారు మళ్లీ మొదటివారిని ఓడించే గిరగిర తిరుగుడు రావచ్చని ఫ్రాన్స్ గణితవేత్త కాండోర్సే 1785లోనే చూపాడు. ముగ్గురు, అంతకు మించి ఉన్నప్పుడు, ఒక్కరి ఇష్టమే శాసనం కాకుండా, అందరిదీ ఒకే మాటైతే దాన్ని మన్నిస్తూ, మూడోవారి వల్ల ఎన్నడూ ఫలితం తారుమారు కాని ర్యాంకుల పద్ధతి ఉండదని అమెరికా ఆర్థికవేత్త కెన్నెత్ ఆరో 1951లో నిరూపించాడు.

అయినా రైతు సంఘాలకు, అపార్ట్‌మెంట్ కమిటీలకు జతల పోలికే మేలంటాను. అభ్యర్థులు నలుగురే అయితే ఆరు జతలు, రెండొందల కాగితాలు ఒక పూటలో తెములుతాయి. ప్రతి జతకూ ఇద్దరి పేర్లతో రెండు గడులు గీసి, ఒక్కో కాగితం చదివేటప్పుడు ఎవరు పైనుంటే వారి గడిలో ఒక గీత పెట్టండి. తిరుగుడు వస్తే ఏం చేయాలో, ఉదాహరణకు అందరికన్నా తక్కువ తేడాతో వచ్చిన గెలుపును లెక్కలోంచి తీసేయాలని, నామినేషన్లకు ముందే తీర్మానం రాసి సభ్యుల సంతకాలు తీసుకోండి. ఓట్లు లెక్కించాక ఆ తీర్మానం రాయబోతే ఎవరూ సంతకం పెట్టరు.