ఉపవాసం నాడు మిగిలిన తిండి ఎవరిది?

(తెరపై: నుదుట విభూది రాస్తున్న గురువు)

కతోలిక శ్రీసభ ఉపవాసాన్ని తప్పనిసరి చేసింది రెండే రోజులు: విభూది బుధవారం (ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సుకాలం మొదలయ్యే రోజు), గుడ్ ఫ్రైడే. 18 నిండినవాళ్ల నుంచి 59 నిండేదాకా ఇది వర్తిస్తుంది. కడుపునిండా ఒక్క పూట; పొద్దున, రాత్రి కొద్దిగా తినొచ్చు. 14 నిండినవాళ్లు ఆ రెండు రోజులతో పాటు తపస్సుకాలపు శుక్రవారాల్లోనూ మాంసం ముట్టరు. గుడ్లు, పాలు, చేపలు తినొచ్చు.

మంచినీళ్లు మాత్రం మానకండి. ఎండలో ఉపాధి హామీ పనికి పోయేవాళ్లకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, షుగర్ మందులు వేసుకునేవాళ్లకు ఈ నియమం భారం కాకూడదు. వాళ్లు ఇంకో త్యాగం ఎంచుకోవచ్చు.

(తెరపై: గట్క, పచ్చిపులుసు)

చేపలు తినొచ్చు కదా అని శుక్రవారం పూట కొరమేను తెచ్చి పులుసు పెడితే? నియమం తప్పలేదు. కానీ కోడికూర కంటే ఎక్కువ ఖర్చు పెట్టి, నోటికి ఇంకా రుచిగా తిన్నాం. గట్క, పచ్చిపులుసుతో సరిపెట్టుకుంటే కొన్ని పైసలు మిగులుతాయి. ఆ పైసలు మనవి కావు.

2వ శతాబ్దంలో రోములో హెర్మాసు రాసిన ‘కాపరి’ గ్రంథం ఈ పద్ధతే చెప్పింది: రొట్టె, నీళ్లతో ఉండు; ఆ రోజు తినబోయే తిండి ఖరీదు లెక్కగట్టు; దాన్ని విధవరాలికో, అనాథకో, లేనివాళ్లకో ఇవ్వు.

లెక్క ముందురోజు రాత్రే కట్టండి. పైసలు అదే పూట డబ్బాలో వేయండి. పాస్కా (ఈస్టర్) పండుగ నాటికి ఒకేసారి తీద్దామనుకుంటే అవి ఇంటి ఖర్చుల్లో కలిసిపోతాయి. చాలా ఇళ్లల్లో తప్పేది ఇక్కడే.

(తెరపై: యెషయా 58)

ఉపవాసం ఉంటూనే పనివాళ్లను పీడిస్తున్నారని యెషయా ప్రవక్త గద్దించాడు. మన ఊళ్లల్లో పత్తి ఏరిన కూలీల పైసలు ఇంకా బాకీ ఉన్నాయా? ముందు అవి కట్టాలి. అది దానం కాదు, వాళ్ల కష్టం. దాని తర్వాతే డబ్బా సంగతి.

ఇచ్చేటప్పుడు ఫొటోలు తీయకండి. నీ కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియొద్దని మత్తయి 6లో ప్రభువు మాట. ఆకలిగొన్నవాళ్లు ఏ మతమని అడగొద్దు.

రేషన్ బియ్యం చాలా ఇళ్లకు అందుతున్నాయి. కొరత పడేది పప్పు, నూనె, బీపీ మాత్రలు, ఆసుపత్రికి బస్సు చార్జీలు. అందుకే ఏం కావాలో ముందు అడగండి. ఒంటరిగా ఉన్న ముసలమ్మ అయితే, ఆ ఒక్క పూట భోజనం ఆమె ఇంట్లోనే వండి, ఆమెతో కూర్చొని తినండి.